చంద్రుడి కడుపులో చుక్క

రేకు, కాగితం, పొర. హ్యాండిల్ కిందికి. పళ్ళెం పక్కకి తిప్పి వెనక బిళ్ళ, పిన్ను పైవైపుకి. మళ్ళీ హ్యాండిల్ కిందికి. టక్. ఒక బ్యాడ్జీ.

టక్ అన్న ఆ చప్పుడును బట్టే పిన్నమ్మ బ్యాడ్జీ సంగతి చెప్పగలదు. పొడిగా మోగితే అంచు చక్కగా మడత పడ్డట్టు. ముద్దగా వినిపిస్తే లోపల ప్లాస్టిక్ పొర నలిగినట్టు. అలాంటిదాన్ని చూడనైనా చూడకుండా ఎడమచేత్తో తుక్కుడబ్బాలోకి విసిరేస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా అదే ప్రెస్సు, అదే స్టూలు, తలకంటే ఎత్తులో అదే కిటికీ. ఆ కిటికీలోంచి ఆకాశం కనిపించదు. పక్క షెడ్డు గోడా, దానికి వేలాడే నీళ్ళ పైపూ కనిపిస్తాయి.

పిన్నమ్మ అన్నది వరసను బట్టి వచ్చిన పిలుపు కాదు. పిన్నులు బిగించే మనిషి కాబట్టి, పక్కన కూర్చుని బ్యాడ్జీలను అట్టపెట్టెల్లో సర్దే డబ్బాల వదిన సరదాకి అలా పిలిచింది. అది కాస్తా ఓనరు నోటికీ, వీధి చివర టీకొట్టుకీ పాకింది. ఇప్పుడు అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఎవరినో అనుకుని తన పని తను చేసుకుంటుందేమో.

నక్షత్రశాల వెనక సందులో ఉంది ఆ షెడ్డు. నక్షత్రశాల చూసి బయటికొచ్చేవాళ్ళు గుర్తుగా కొనుక్కునే బ్యాడ్జీలన్నీ అందులో తయారవుతాయి. రాకెట్లు, గ్రహణాలు, తోకచుక్కలు, చంద్రుడి మీద దిగే యంత్రాలు. జనం గుమిగూడే రోజుకి సరుకు బల్లమీద ఉండాలి కాబట్టి, ఆకాశంలో ఏం జరిగినా అది ఆ షెడ్డులో ఒకరోజు ముందే జరిగిపోయేది. పట్టని గ్రహణం పట్టేసేది. ఎగరని రాకెట్టు ఎగిరిపోయేది. అన్నిటినీ తన చేత్తో నొక్కిన పిన్నమ్మ అందులో ఒక్కటీ కళ్ళతో చూడలేదు. అసలు రోజున ఆమె ఎప్పుడూ ప్రెస్సు దగ్గరే ఉండేది. సరుకు చాలకపోతే ఇంకో రెండొందలు నొక్కడానికి.

ఇవాళ్టివి పన్నెండువందలు. రేపు సాయంత్రం పడమటి ఆకాశంలో నెలవంక శుక్రుణ్ణి దాచేస్తుందట. కాసేపు ఆ సందెచుక్క చంద్రుడి వెనక్కి పోయి, మళ్ళీ బయటికొస్తుందట. ఆరింటికి బండి వచ్చేలోగా పన్నెండువందలూ డబ్బాల్లో ఉండాలి.

పిన్నమ్మ చేతులు ఇక్కడున్నా చెవులు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. పొద్దున బయల్దేరబోతుంటే కూతురు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చంకలో ఎనిమిది నెలల పాప, చొంగ కారుస్తూ, తల్లి జడ నములుతూ.

"ఇంతకీ ఏమంటావమ్మా? సాయంత్రం ఆరింటికల్లా చెప్పకపోతే కంపెనీలో ఆ కుట్టుమిషను పని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారట."

"ఆలోచించి చెప్తానే."

"పదిరోజుల్నించీ ఆలోచిస్తూనే ఉన్నావు. నువ్వు పాపని చూసుకుంటేనే కదా నేను వెళ్ళగలిగేది? ఏముందమ్మా అక్కడ? బిళ్ళలు నొక్కడమే కదా! నువ్వు వెళ్ళకపోతే ఆకాశం ఆగిపోతుందా?"

పిన్నమ్మ పాప నుదుటిమీద చెయ్యి పెట్టింది. కొంచెం వెచ్చగా తగిలింది. "పళ్ళొచ్చే వేడిలాగుంది. గంటకోసారి చూస్తూ ఉండు. మూడింటికి ఫోన్ చెయ్యి," అంది.

"మాట మార్చకు," అంది కూతురు.

మార్చక ఏం చేస్తుంది? ఏముంది అక్కడ అంటే చెప్పడానికి ఏమీ లేదు. కుడిభుజం రాత్రుళ్ళు గుంజుతుంది. అరచేతిలో హ్యాండిల్ గుబ్బ ఆనేచోట కాయ కాసి, పాప చెంప నిమిరితే అది ఉలిక్కిపడుతుంది. అయినా ఆ పని మానేస్తానన్న మాట గొంతులోంచి బయటికి రాదు. తను లేకపోతే అక్కడ ఏదో ఒకటి వంకరపోతుందని పిన్నమ్మకో నమ్మకం. ఆ మాట ఓనరు ఒక్కసారి, వంకర నోటితోనైనా సరే, అని ఉంటే కూతురికి చెప్పడానికి జవాబుండేది.

నలభయ్యో బ్యాడ్జీ టక్కుమన్నాక ఆమె చెయ్యి ఆగింది.

బ్యాడ్జీని వెలుతురుకి పట్టి చూసింది. నల్లటి ఆకాశం. పల్చటి నెలవంక. దాని రెండు కొమ్ముల మధ్య, ఉయ్యాల్లో పాపలా, తెల్లటి చుక్క.

"ఇదేంటి వదినా?" అంది.

డబ్బాల వదిన ఒంగి చూసింది. "చుక్క. ముద్దుగా ఉంది."

"ఉండకూడనిచోట ఉంది."

"ఆడవాళ్ళనన్నట్టు అంటావేంటి పాపం!"

పిన్నమ్మ నవ్వలేదు. కాగితాల దొంతర తిరగేసింది. పన్నెండువందల నెలవంకలు, పన్నెండువందల చుక్కలు, అన్నీ అదేచోట.

నక్షత్రశాల డాబామీద దుర్భిణి చూపించే పెద్దాయన బతికున్న రోజుల్లో అచ్చుకి వెళ్ళేముందు ప్రతి బొమ్మా ఆయన చేతుల్లోంచి వెళ్ళేది. చెప్పులు ఈడ్చుకుంటూ షెడ్డుకి వచ్చి, పిన్నమ్మ పక్కనే పెట్టె బోర్లించుకుని కూర్చునేవాడు. ఒకసారి తోకచుక్క తోకని సూర్యుడివైపు గీశారు. "ఇదిగో అమ్మాయి, పొయ్యిని ఊదితే పొగ ఎటు పోతుంది? నీవైపుకా, అవతలికా? ఇక్కడ ఊదేవాడు సూర్యుడు," అని ఆమెకి చెప్పి, తర్వాత ఓనరుకి చెప్పాడు. సందర్శకులు వెళ్ళిపోయిన ఒక సాయంత్రం ఆమెను డాబా ఎక్కించి నెలవంకను చూపించాడు. సన్నటి వెలుగు అంచు, దాని పక్కన బూడిదరంగులో గుండ్రటి మిగతా చంద్రుడు, మసకగా, దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషిలా. "ముక్క కాదమ్మా అది. మొత్తం అక్కడే ఉంది. వెలుగు పడ్డ అంచుకే మనం పేరు పెట్టుకున్నాం," అన్నాడు.

ఆయన పోయి రెండేళ్ళయింది. అప్పట్నించీ బొమ్మల్ని చూసేవాళ్ళు లేరు. చూస్తున్నది పిన్నమ్మ ఒక్కతే. అది ఆమె పని అని ఎవరూ చెప్పలేదు.

చీర కుచ్చెళ్ళకంటిన కాగితపు తునకలు దులుపుకుని ఓనరు గదిలోకి వెళ్ళింది. ఓనరు ఫోన్లో ఉన్నాడు. ఆయన మేనల్లుడు కంప్యూటరు ముందున్నాడు. బొమ్మ గీసింది అతనే. ఫోన్ అయ్యేదాకా గుమ్మంలో నిలబడింది.

"ఎన్నయ్యాయి?" అన్నాడు ఓనరు.

"నలభై సారూ. బొమ్మ తప్పు పడింది. చుక్క లోపల పెట్టారు."

"దేని లోపల?"

"చంద్రుడి లోపల."

ఓనరు బ్యాడ్జీ తీసుకుని కళ్ళజోడు నుదుటిమీదికి ఎత్తి చూశాడు. "ఖాళీలో ఉంది కదా?"

"అది ఖాళీ కాదు సారూ. అదీ చంద్రుడే. వెలుగు పడలేదంతే. రేపు చుక్క ఆ చీకటి వెనక్కి పోవడమే కదా విశేషం? వెనక్కి పోయేదాన్ని తెచ్చి కడుపులో కూర్చోబెట్టాం."

మేనల్లుడు కుర్చీ తిప్పాడు. "పిన్నమ్మగారూ, ఇలాంటి బొమ్మలు నెట్లో వెయ్యి ఉన్నాయి."

"వెయ్యిమంది దొంగసాక్ష్యం చెప్తే అబద్ధం నిజమవుతుందా బాబూ?"

ఓనరుకి నవ్వొచ్చింది. నవ్వాక అడిగాడు, చెడ్డ ఉద్దేశంతో కాదు, మామూలుగానే: "నువ్వు ఎంతవరకు చదివావు పిన్నమ్మా?"

"ఏడు."

"వీడు డిగ్రీ. చూడు, జనం బ్యాడ్జీ కొనేది చొక్కాకి పెట్టుకోడానికి. పరీక్ష రాయడానికి కాదు. చుక్క లేకపోతే అందమేముంది? వెళ్ళు, వెళ్ళు. ఆరింటికి బండి."

ఏడు అన్న మాట నాలుకమీద ఇనుపరేకులా మిగిలిపోయింది. ఏడో తరగతి పరీక్షలకి ఇరవైరోజులుందనగా తల్లికి కాన్పు కష్టమైంది. పుట్టిన చెల్లెల్ని చూసుకోవడానికి పెద్దది బడి మానాలన్నారు. నెలరోజులే అన్నారు. ఆ నెల ఇంకా అయిపోలేదు.

స్టూలు మీద కూర్చుంది. రేకు, కాగితం, పొర. టక్. ప్రతి టక్కుకీ ఒక తప్పు పుడుతోంది. ఇంతకుముందు చప్పుడు పొడిగా మోగితే లోపల ఏదో చల్లగా ఉండేది. ఇప్పుడు బాగా మోగినకొద్దీ ఒళ్ళు మండుతోంది. పాడుగా మోగినా బావుండు, తుక్కులోనైనా పడేద్దును అనుకుంది. కోపమొస్తే అచ్చు తప్పుతుందంటారు. ఆమెకి తప్పలేదు. చేతులకి కోపం తెలియదు. అదే ఇంకా కోపం తెప్పించింది.

"అలా బుసలు కొట్టకు. ప్రెస్సు బెదిరిపోతుంది," అంది డబ్బాల వదిన.

"నీకేం వదినా, మూతలు వేసుకునేదానివి."

"అవును మరి. మూత వేసేస్తే లోపల చుక్కున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నీలాగా ప్రతిదాని మొహం చూస్తూ కూర్చుంటే నాకు డబ్బా దాటదు."

మధ్యాహ్నానికి ఆరువందలయ్యాయి. అన్నం డబ్బా విప్పకుండానే పిన్నమ్మ నక్షత్రశాలకి నడిచింది. అక్కడ చదువుకున్నవాళ్ళుంటారు. ఒక్కళ్ళు ఒక్కముక్క కాగితమ్మీద రాసిస్తే చాలు. గేటు దగ్గర టికెట్టు అడిగారు. వెనకనున్న షెడ్డు మనిషినని చెప్పింది. ఏ షెడ్డు అన్నారు. పద్దెనిమిదేళ్ళుగా వాళ్ళ బల్లమీద అమ్ముతున్న బ్యాడ్జీలన్నీ తను నొక్కినవేనని చెప్పాలనిపించి, చెప్పలేక, చేతిలో బ్యాడ్జీ చూపించింది. "కొన్నది వాపసు తీసుకోరమ్మా," అన్నాడు గేటు మనిషి.

చివరికి లోపల వివరాలు చెప్పే మనిషి టీ కోసం బయటికొచ్చాడు. మెళ్ళో టై, జేబులో రెండు పెన్నులు. బ్యాడ్జీ చూసి టక్కున, "తప్పేనండీ," అన్నాడు.

పిన్నమ్మకి ప్రాణం లేచొచ్చింది. "అదే బాబూ! ఆ మాటే ఒక కాగితమ్మీద..."

"రాయడమా?" అతను చుట్టూ చూశాడు. "సరుకు తెప్పించేది మా పై ఆఫీసు. బొమ్మ మీ ఓనరుది. మధ్యలో నన్నెందుకు లాగుతారు? అయినా ఇది ఆర్టు కదండీ. ఎవరు చూస్తారంత?"

"నేను చూశాను కదా."

"మీరంటే..." అని ఏదో అనబోయి టీ ఊదుకున్నాడు.

తిరిగొస్తుంటే సందులో ఎండ నిలువునా ఉంది. తప్పని తెలియనివాడు తప్పు చేస్తే కోపమొస్తుంది. తప్పని తెలిసీ టీ తాగేవాణ్ణి చూస్తే ఏమొస్తుందో ఆమెకి పేరు తెలియలేదు. తెలియనివాళ్ళు తనని నమ్మరు. తెలిసినవాళ్ళు తనతో రారు. ఇక మిగిలింది ఎవరు?

షెడ్డులో ఓనరూ మేనల్లుడూ లేరు. ఊళ్ళో తమ రెండో కొట్టుకి వెళ్ళారట. మళ్ళీ స్టూలు, మళ్ళీ హ్యాండిల్. ఏడొందలు దాటుతుండగా ఫోన్ మోగింది. మూడు కాలేదు ఇంకా.

"ఏమైందే? ఒళ్ళు కాలుతోందా?"

"లేదు, తగ్గింది. పడుకుంది. ఏమనుకున్నావు మరి?"

"నువ్వు థర్మామీటరు పెట్టావా, చెయ్యి పెట్టావా?"

"థర్మామీటరే పెట్టానమ్మా. అడిగినదానికి చెప్పవేం?"

"ఇక్కడ పని మధ్యలో ఉన్నాను."

"ఎప్పుడు లేవు గనక!" అని కూతురు పెట్టేసింది.

పిన్నమ్మ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని ముందున్న కాగితాన్ని చూస్తూ కూర్చుంది. డబ్బాల వదిన అట్ట మడతపెడుతూ ఓరగా చూసింది.

"పొద్దున్నించీ నమిలింది చాలు. ఆ చుక్క అంత బాధ పెడుతుంటే గోటితో గీకెయ్."

"గీకితే తెల్లమచ్చ పడుతుంది వదినా."

"అయితే మసి పుయ్యి."

తమాషాకే అంది. కానీ పిన్నమ్మ మెడ మెల్లగా నిటారైంది. కాగితమ్మీద బొటనవేలు పెట్టి చుక్కని మూసింది. తీసింది. మళ్ళీ మూసింది. చుక్క లేని నెలవంక. కాదు, చుక్క ఉంది. వెనకాల ఉంది. రేపు సాయంత్రం కాసేపు ఆకాశం ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది.

ఓనరుకి ఫోన్ చేసింది. "సారూ, ఆ బొమ్మకి ఒక ఉపాయం..."

"ఎన్నయ్యాయి?"

"ఏడొందలు. అది కాదు సారూ..."

"ఏడొందలేనా? పిన్నమ్మా, దండం పెడతాను, పని చెయ్యి." పెట్టేశాడు.

మేనల్లుడి బల్లమీంచి లావుపాటి నల్ల పెన్ను తెచ్చింది. మొదటి కాగితం తీసింది. చుక్కమీద ఒక్క అద్దు. రేకు, కాగితం, పొర. టక్. వెలుతురుకి పట్టి చూసింది. పొర కింద నలుపులో నలుపు కలిసిపోయింది. పొద్దున్నించీ మొదటిసారి ఆ చప్పుడు చల్లగా తగిలింది.

ఆ తర్వాత ఆగలేదు. యాభై కాగితాలు పరిచి వరసగా అద్దడం, ఆరాక వరసగా నొక్కడం. ముందు నొక్కిన ఏడొందలూ డబ్బాల్లో ఉన్నాయి. ఒకసారి అంచు మడతపడిన బ్యాడ్జీని విప్పితే అది బ్యాడ్జీ కాదు, రేకు. వాటిని ఏమీ చేయలేదు. మిగిలిన ఐదొందలైనా సరిగ్గా పోతాయి. భుజం గుంజుతున్నది. దాని మాట వినే తీరిక లేదు.

అయిదుంబావుకి ఓనరు వచ్చాడు. వస్తూనే డబ్బాలు లెక్కపెట్టాడు. మొహం విచ్చుకుంది. ప్రెస్సు పక్కనున్న బుట్టలోంచి ఒకటి తీశాడు. మొహం ముడుచుకుంది.

"చుక్క ఏదీ?"

"వెనకాల ఉంది సారూ."

ఓనరు బ్యాడ్జీ తిప్పి చూశాడు. అక్కడ పిన్ను ఉంది. డబ్బాల వదిన అట్టపెట్టెలో తలదూర్చి నవ్వింది.

"బ్యాడ్జీ వెనక కాదు సారూ. చంద్రుడి వెనక."

"ఎన్ని చేశావు ఇలా?"

"నాలుగొందల డెబ్భై. ఇంకో ముప్ఫై ఉన్నాయి."

"నా సరుకుమీద మసి పూస్తావా! నాకు చెప్పకుండా!"

"చెప్పాను సారూ. పొద్దున చెప్పాను. మధ్యాహ్నం ఫోన్ చేసి చెప్పబోయాను."

"నువ్వు చెప్పడమేంటి, నేను వినడమేంటి? ఇక్కడ హ్యాండిల్ నొక్కడానికి పెట్టుకున్నాను నిన్ను. హ్యాండిల్‌కి కళ్ళెందుకు?" ఓనరు గొంతు షెడ్డు రేకుల్ని తాకింది. "రేపట్నించి రావద్దు. మావాడు నొక్కుతాడు. నేర్చుకోడానికి గంట చాలు."

ఆయన రావద్దనడం ఇది పదో సారో పదకొండో సారో. పొర వృథా అయిందని ఒకసారి, కూతురి పెళ్ళికి సెలవడిగిందని ఒకసారి. ప్రతిసారీ మర్నాడు ఎనిమిదింటికి పిన్నమ్మ వచ్చి కూర్చునేది, ఆయన ఏమీ అననట్టు ఎన్నయ్యాయి అని అడిగేవాడు. రావద్దన్న మాట ఇద్దరికీ అలవాటే.

బండి ముందే వచ్చేసింది; హారను వినిపించింది. పారేయడానికి టైము లేదు. చుక్కవీ, చుక్క లేనివీ కలగలిపి ఎక్కించేశారు. మిగిలిన ముప్ఫైని ఓనరు నిలబడి చూస్తుండగానే పిన్నమ్మ నొక్కింది, అద్ది మరీ నొక్కింది. ఆయన పళ్ళు కొరికాడు గానీ ఆపలేదు. లెక్క తగ్గితే నక్షత్రశాలవాళ్ళు ఊరుకోరు కదా.

ఆఖరిది నొక్కాక చేతులు కడుక్కుంది. నలుపు గోళ్ళలోంచి పోలేదు. డబ్బాల వదిన భుజమ్మీద చెయ్యేసి, "రేపు కొంచెం ఆలస్యంగా రా. చల్లబడతాడు," అంది.

"ఊ," అంది పిన్నమ్మ.

ఇల్లు చేరేసరికి ఆరు కావడానికి నాలుగు నిమిషాలుంది. కూతురు ఫోన్ చేతిలో పట్టుకుని మంచమ్మీద కూర్చుంది, అడగకుండా, మొహం పక్కకి తిప్పుకుని. పాప మేలుకునే ఉంది. పిన్నమ్మ ఎత్తుకుని మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది.

"పాపని నేను చూసుకుంటాను. పనికి వస్తానని చెప్పు వాళ్ళకి," అంది.

కూతురు గభాలున తిరిగింది. "నిజంగానా? కోపంగా అంటున్నావా?"

"కోపంగానే అంటున్నాను. అయినా నిజమే."

మర్నాడు సాయంత్రం పాపని చంకనేసుకుని డాబా ఎక్కింది. పక్క డాబాల మీద కూడా జనం ఉన్నారు. పడమట ఎరుపు ఇంకా పూర్తిగా దిగలేదు. నెలవంక, దానికి కొంచెం ఎడంగా చుక్క. బొమ్మల్లో కంటే చిన్నగా, బొమ్మల్లో కంటే నిబ్బరంగా ఉన్నాయి. ఎంతసేపు చూసినా ఏమీ జరుగుతున్నట్టు లేదు. పాప ఆమె చెవి పట్టుకుని లాగుతోంది. చెయ్యి విడిపించుకుని మళ్ళీ చూసేసరికి చుక్క సన్నబడుతోంది. వెలుగు అంచుని తాకనేలేదు. ఇంకా ఎడం ఉండగానే, ఏమీ లేదనిపించే చోట, నాలుగైదు రెప్పపాట్లలో ఆరిపోయింది.

పక్క డాబామీద ఎవరో, "అరె, ఎక్కడికి పోయింది? ఇంకా తగల్లేదుగా!" అన్నారు.

"తగిలింది," అంది పిన్నమ్మ, పాపతో.

పాప నవ్వింది. పిన్నమ్మ కుడిచెయ్యి పాప వీపుమీద, హ్యాండిల్ నొక్కుతున్నట్టు, దానంతట అదే కిందికీ పైకీ కదులుతోంది. చూసుకుని ఆపింది. కాసేపటికి మళ్ళీ కదిలింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత ఒకటి చూసింది. చూశానని షెడ్డులో చెప్పడానికి రేపు లేదు.

ఓనరు రెండు రోజులు ఎనిమిదింటికి గుమ్మం వైపు చూశాడు. మూడోరోజు ఆయనే ఫోన్ చేశాడు. టోపీ నిండా బ్యాడ్జీలు గుచ్చుకుని ఊరూరా తిరుగుతూ పోగుచేసుకునే మనిషొకడు వచ్చాడట. చుక్క లేని బ్యాడ్జీ పొరపాటున పడిన అచ్చనీ, అలాంటివి అరుదనీ, ఎన్నున్నా తీసుకుంటాననీ అన్నాడట.

"ఆ తప్పువి ఇంకేమైనా మిగిలాయా పిన్నమ్మా?"

"తప్పువి ఏడొందలున్నాయి సారూ. అందరూ కొనుక్కున్నారు కదా."

అర్థమైందో లేదో, ఓనరు మాట మార్చాడు. "సరేలే. ఎప్పుడొస్తున్నావు?"

"కొంచెం మెల్లగా సారూ. పాప ఇప్పుడే పడుకుంది," అని పెట్టేసింది.

ఆ వారమే రాకెట్టు బ్యాడ్జీలు ఎనిమిదివందలు అడిగారు. స్టూలు మీద మేనల్లుడు కూర్చున్నాడు. గంటలో నేర్చుకున్నాడు కూడా; రేకు, కాగితం, పొర, టక్. చప్పుడు బాగానే మోగింది. కానీ పిన్ను గుచ్చి చొక్కాకి పెట్టి చూస్తే ఒక రాకెట్టు పక్కకి ఒరిగింది, ఇంకొకటి నేలకి గురిపెట్టింది. "ఇది రాకెట్టా, జారుడుబండా?" అంది డబ్బాల వదిన. ఓనరు ప్రెస్సుకి నూనె పోశాడు. మరలు బిగించాడు. పళ్ళేన్ని విప్పి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. రాకెట్లు తిన్నగా నిలబడలేదు.

ఆ పళ్ళెం అంచున, బొటనవేలు ఆనేచోట, జిగురుతో అంటించిన ఎర్రదారం ముక్క ఒకటుంది, గోరంత. కాగితం తలా పిన్ను తలా దానికి సరిగ్గా ఆనితే బొమ్మ నిటారుగా వస్తుంది. చేరిన మొదటి నెలలోనే పిన్నమ్మ దాన్ని అంటించుకుంది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. మేనల్లుడు దుమ్మనుకుని గోటితో రెండుసార్లు గీకి చూసి, ఊడకపోతే వదిలేశాడు. పద్దెనిమిదేళ్ళ నూనె పీల్చి, ఎరుపు వెలిసి, రేకంత గట్టిపడి, అది ఎటు పైకో అటే చూస్తూ ఉంది.